ఆకు తడిగా ఉన్న ఏడు గంటలు

కోల్‌కతా శివారులోని న్యూ టౌన్‌లో జూన్ రెండో వారం దాటిందంటే బాల్కనీ తోటలన్నిటిలోనూ ఒకటే గొడవ. మొన్నటిదాకా నిగనిగలాడిన గులాబీ ఆకుల మీద నల్లటి మచ్చలు పడతాయి. బచ్చలి ఆకుల మీద ఎర్రటి అంచుతో తెల్లటి చుక్కలు, మిరప ఆకుల మీద కప్పకన్ను లాంటి బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. వారం తిరిగేసరికి కింది ఆకులు పసుపెక్కి రాలడం మొదలవుతుంది. ఒకప్పుడు వరి చేలు, చేపల చెరువులు ఉన్న రాజార్‌హాట్ ప్రాంతంలో లేచిన ఈ ఊళ్లో ఇప్పుడు పొలాలు తక్కువ, పూలకుండీలు ఎక్కువ. ఐటీ ఉద్యోగాలకని వచ్చిన తెలుగు కుటుంబాలు కుండీల్లో గోంగూర, కరివేపాకు పెంచుకుంటాయి. పక్కింటి బెంగాలీలు పుయీ శాక్ పెంచుతారు. అది మన బచ్చలే. మచ్చలు మాత్రం ఇద్దరి మొక్కలకీ వస్తాయి.

దుకాణానికి వెళ్లి అడిగితే మాంకోజెబ్ పొట్లమో, కార్బెండాజిమ్ పొట్లమో చేతిలో పెడతారు. ఆ మందులు పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. కానీ వాటిని పొలం కోసం తయారుచేశారు. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోత కోయాలని లెక్క ఉంటుంది. బాల్కనీలో బచ్చలి అలా ఆగదు. పప్పులోకి ఈ రోజు నాలుగు ఆకులు, రేపు మరో నాలుగు తుంచుకుంటూనే ఉంటారు. పైగా మందు కొట్టే చోటికీ పిల్లలు ఆడుకునే చోటికీ మధ్య ఒక గాజు తలుపే అడ్డం. మానవ పునరుత్పత్తికి హానికరమని, హార్మోన్ల వ్యవస్థను దెబ్బతీస్తుందని తేలడంతో మాంకోజెబ్ అనుమతిని పునరుద్ధరించరాదని యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబరులో నిర్ణయించింది. తినే ఆకు మీద దాన్ని చల్లే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

మందు లేకుండా ఆకుమచ్చను అదుపు చేయవచ్చా? చాలావరకు చేయవచ్చు. అందుకు శిలీంధ్రం ఆకులోకి ఎలా దూరుతుందో తెలియాలి.

ఆకు గోడకు కన్నం

శిలీంధ్రం బీజం కంటికి కనిపించనంత చిన్నది. ఆకు మీద పడ్డ బీజం పొడి వాతావరణంలో ఏమీ చేయలేదు. నీటిపొర దొరికితే మొలకెత్తుతుంది, సన్నని గొట్టం సాగుతుంది. చాలా శిలీంధ్రాల్లో ఆ గొట్టం చివర గుండ్రంగా ఉబ్బి ఆకును అంటిపెట్టుకుంటుంది. దాన్ని అప్రెసోరియం అంటారు. దాని లోపల ఒత్తిడి పెరుగుతుంది, అడుగు నుంచి ఒక మేకు లాంటి భాగం ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ఆ ఒత్తిడి ఎంత? వరిలో అగ్గి తెగులు కలిగించే శిలీంధ్రంలో అది 80 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుందని 1991లో కొలిచారు. కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది దాదాపు 40 రెట్లు. అంత ఒత్తిడి అరచేతి వెడల్పున పనిచేస్తే ఎనిమిది టన్నుల బరువును పైకి ఎత్తగలదు. 1999లో జర్మనీ శాస్త్రవేత్తలు మొక్కజొన్నను ఆశించే కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం నెట్టుడు బలాన్ని నేరుగా కొలిచారు. కాంతి ప్రయాణించే పలుచని పొర మీద బీజాలను మొలకెత్తించి, అవి ఆ పొరను నొక్కినప్పుడు కాంతిలో వచ్చిన మార్పును చూశారు. బలం సుమారు 17 మైక్రోన్యూటన్లుగా తేలింది. వినడానికి చిన్న అంకె. అది పనిచేసేది మిల్లీమీటరులో కొన్ని వేల వంతుల వెడల్పున్న చోట కాబట్టి ఆకు గోడ ఆగలేదు. మిరపలో కాయకుళ్లు తెచ్చేవీ ఈ కొల్లెటోట్రైకమ్ జాతి శిలీంధ్రాలే.

అన్నీ ఇంత కష్టపడవు. బచ్చలి, బెండ, మిరపల మీద కప్పకన్ను మచ్చలు తెచ్చే సెర్కోస్పొరా జాతివి ఎక్కువగా ఆకు రంధ్రాల గుండానే లోపలికి వెళతాయి. దారి ఏదైనా, వెళ్లేదాకా ఆకు తడిగా ఉండాలి. గులాబీ నల్లమచ్చ తెగులు శిలీంధ్రం డిప్లోకార్పాన్‌కు అనువైన ఉష్ణోగ్రతలో కనీసం ఏడు గంటలు ఎడతెగని తడి కావాలి. ఆరో గంటలో ఆకు ఆరిపోతే మొలకెత్తిన బీజం చాలావరకు అక్కడే ఎండిపోతుంది. శిలీంధ్రాన్ని బట్టి గంటలు మారతాయి, తడి అవసరం మాత్రం మారదు. తోటమాలికి ఇంతకంటే పనికొచ్చే అంకె మరొకటి లేదు.

దీన్ని న్యూ టౌన్ వాతావరణంలో పెట్టి చూస్తే సమస్య అర్థమవుతుంది. కోల్‌కతాలో ఏడాదికి 1,800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది. హైదరాబాద్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపే కురుస్తుంది. వాన లేని రాత్రుల్లోనూ గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, సాయంత్రం ఆరింటికి పైపుతో ఆకుల మీద నీళ్లు కొడితే అవి తెల్లవారి ఎండ తగిలేదాకా ఆరవు. పన్నెండు పదమూడు గంటల తడి! అదే నీళ్లు ఉదయం ఏడింటికి మొదట్లో పోస్తే ఆకులు తడవవు. తడిసినా తొమ్మిదికల్లా ఆరిపోతాయి. ఆఫీసు నుంచి వచ్చి సేదతీరడానికి సాయంత్రం పైపు పట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. వానాకాలంలో ఆ ఒక్క అలవాటు మానడం ఏ కషాయం కంటే మిన్న.

చినుకు చేసే రవాణా

ఒక ఆకు నుంచి మరో ఆకుకు బీజాలు ఎలా చేరతాయన్నది ఈ మధ్య భౌతిక శాస్త్రవేత్తలను బాగా ఆకర్షించిన ప్రశ్న. చినుకు ఆకు మీద పడగానే నీళ్లు చిమ్ముతాయని ఎవరికైనా తెలుసు. ఎలా చిమ్ముతాయన్నదే ఆసక్తికరం. లిడియా బురూయిబా, ట్రిస్టన్ జిలే 2015లో ప్రచురించిన పరిశోధనలో అతివేగ కెమెరాలతో దీన్ని గమనించారు. ఆకు మీద అప్పటికే నిలిచిన నీటిబొట్టు పక్కన చినుకు పడితే, ఆ బొట్టు నెలవంక ఆకారంలో సాగి తుంపరలుగా విసిరివేయబడుతుంది. ఆ తుంపరల్లో బీజాలు ఉంటాయి. ఆకు వంగి తిరిగి లేచేటప్పుడు కూడా నీటిని విసురుతుంది. 2019లో అమెరికాలో గోధుమ తుప్పు తెగులు మీద జరిగిన మరో పరిశోధనలో పొడి బీజాల సంగతి తేలింది. చినుకు దెబ్బకు ఆకు మీద గాలి ఉంగరంలా సుడి తిరిగి, పొడి బీజాలను పైకెత్తి వదులుతుంది. పొగ తాగేవారు వదిలే పొగ ఉంగరాల్లాంటివే అవి.

కుండీల తోటకు దీని నుంచి మూడు పనులు తేలతాయి. మొదటిది, మట్టి మీద కప్పు వేయడం. నిరుడు రాలిన ఆకుల్లోని బీజాలు మట్టి మీద ఉంటాయి, చినుకు వాటిని కింది ఆకులకు చిమ్ముతుంది. ఆకుమచ్చ ఎప్పుడూ కింది నుంచి పైకి ఎక్కడానికి ఇదొక కారణం. రెండంగుళాల మందాన ఎండుగడ్డి, కొబ్బరిపీచు, ఎండిన చెరకు పిప్పి, ఏది దొరికితే అది పరిస్తే ఆ చిమ్ముడు ఆగుతుంది. రెండోది, నేలకు దగ్గరగా ఉన్న ఆకులను ముందే తుంచేయడం. మూడోది, కుండీల మధ్య ఎడం. ఆకు ఆకుకు తగలకపోతే తుంపర చేరే దూరం పెరుగుతుంది, గాలి ఆడి ఆకులు త్వరగా ఆరతాయి. అద్దాలు మూసిన బాల్కనీలో ఉదయం పూట ఒక గంట టేబుల్ ఫ్యాన్ తిప్పినా మేలే. కరెంటు ఖర్చు పైసల్లో ఉంటుంది.

మచ్చపడ్డ ఆకులను తుంచడం అందరికీ తెలిసిన పనే గాని, దాన్ని చాలామంది తడిగా ఉన్నప్పుడే చేస్తారు. అప్పుడు చేతివేళ్లే చినుకుల పని చేస్తాయి. మొక్క పొడిగా ఉన్నప్పుడే తుంచాలి, కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. తుంచినవి ఇంటి కంపోస్టు డబ్బాలో వేయకూడదు. పెద్ద కుప్పలో 55 డిగ్రీలు దాటే వేడి పుట్టి బీజాలు చస్తాయి. వంటింటి బకెట్లో అంత వేడి పుట్టదు. మరుసటి ఏడాది ఆ ఎరువుతో పాటు తెగులునూ మనమే కుండీలో పోసుకున్నట్టవుతుంది. ఒకేసారి మొక్కనంతా బోడి చేయడమూ తప్పే. మూడో వంతుకు మించి ఆకులు తీస్తే మొక్కకు తిండి వండుకునే చోటే ఉండదు.

ఇదంతా చేసే ముందు అది శిలీంధ్రమేనా అని ఒకసారి చూసుకోవాలి. ఆకు ఈనెల మధ్య ఇరుక్కుని కోణాలుగా, నీట నానినట్టు కనిపించే మచ్చ చాలాసార్లు బాక్టీరియాది. అంచులు మాత్రమే మాడితే ఉప్పునీరు గాని, ఎక్కువైన ఎరువు గాని కారణం కావచ్చు. వలయంలో వలయంగా గోధుమరంగు మచ్చ ఉంటే ఆల్టర్నేరియా, నల్లటి మచ్చకు అంచు ఈకలా చీలి ఉంటే గులాబీ నల్లమచ్చ అనుకోవచ్చు. అనుమానం తీరకపోతే ప్రయోగశాలల్లో వాడే పద్ధతినే ఇంట్లో వాడవచ్చు. పాత టిఫిన్ డబ్బాలో తడి టిష్యూ కాగితం పరిచి, మచ్చ ఉన్న ఆకును పెట్టి మూత పెట్టాలి. రెండు మూడు రోజుల్లో మచ్చ మీద నూగు గాని, నల్లటి చుక్కలు గాని లేస్తే శిలీంధ్రమని దాదాపు నిర్ధారణ. ఆ డబ్బాను మళ్లీ వంటింట్లోకి తేకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

1942 శరదృతువు

కుండీలో నాలుగు ఆకులు రాలితే ఏముందిలే అనిపించవచ్చు. ఇదే బెంగాల్‌లో ఒక ఆకుమచ్చ తెగులు లక్షల ఎకరాల వరిని పట్టింది. వరిలో గోధుమమచ్చ తెగులు అది. అప్పట్లో హెల్మింథోస్పోరియమ్ ఒరైజే అనేవారు, ఇప్పుడు బైపొలారిస్ ఒరైజే అంటున్నారు. 1942 శరదృతువులో చేలు ఆ స్థితిలో ఉన్నాయి. అక్టోబరు 16న మిడ్నపూర్ తీరాన్ని తుపాను ముంచెత్తింది. వరి పూతకు వచ్చి గింజ పాలుపోసుకునే రోజుల్లో మబ్బు, వాన, వదలని తేమ. బెంగాల్‌లో ఉద్యోగం చేసిన శిలీంధ్ర శాస్త్రవేత్త ఎస్.వై. పద్మనాభన్ తర్వాత కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. 1943 కరవు అనుభవం తర్వాత, 1946లో స్థాపించిన సంస్థే అది. చిన్సురా, బాంకురా పరిశోధన కేంద్రాల్లో 1941, 1942 దిగుబడులను పోల్చి ఆయన 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. కొన్ని రకాల్లో దిగుబడి 90 శాతం దాకా పడిపోయిందని అందులో చూపారు. చిన్సురా న్యూ టౌన్‌కు దూరమేమీ కాదు, పక్కనున్న హుగ్లీ జిల్లాలోనే ఉంది.

1943 కరవులో చనిపోయినవారు 15 లక్షలని ప్రభుత్వ విచారణ సంఘం అంచనా వేసింది. తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా చెప్పారు. ఆ చావులకు తెగులే కారణమనడం సరికాదు. తిండి గింజలు అసలు లేకపోవడం కంటే పేదలకు కొనే శక్తి లేకుండా పోవడం, యుద్ధకాలపు ధరలు, ప్రభుత్వ విధానాలు ప్రధాన కారణాలని అమర్త్య సేన్ 1981లో వాదించారు. పంట నష్టాన్ని తక్కువ అంచనా వేశారని మరికొందరు చరిత్రకారులు ఆయనతో విభేదించారు. ఆ చర్చ ఇంకా ముగియలేదు.

తోటమాలికి పనికొచ్చే సంగతి మరొకటి ఈ తెగులులో ఉంది. గోధుమమచ్చ బలమైన నేలల్లో అంతగా విజృంభించదు. పొటాష్, సిలికా తక్కువైన, నిస్సారమైన నేలల్లోని వరినే ఎక్కువగా పడుతుంది. అందుకే దాన్ని పేదరైతు తెగులు అంటారు. ఆకలితో ఉన్న మొక్క ఆకు గోడ పలచగా ఉంటుంది, పైన చెప్పిన మేకు సులువుగా దిగుతుంది. వరి, దోస జాతి మొక్కలు సిలికాను పీల్చుకుని ఆకు పైపొర కింద పేర్చుకుంటాయి. టమాటా లాంటివి అంతగా పీల్చుకోవు.

కుండీల్లో జరిగేది దీనికి మరో రూపం. కోల్‌కతాలో బాల్కనీ తోటలకు ఆవచెక్క ఎరువంటే ప్రాణం. ఆవచెక్కను వారం రోజులు నానబెట్టి, ఆ నీళ్లు పలుచన చేసి పోస్తారు. అందులో నత్రజని దండిగా ఉంటుంది. వానాకాలంలో అది అతిగా పోస్తే లేత, మెత్తటి, దట్టమైన ఆకులు వస్తాయి. చూడటానికి పచ్చగా ముచ్చటగా ఉంటాయి గాని, శిలీంధ్రానికి అంతకంటే మంచి విందు లేదు. జులై, ఆగస్టుల్లో ఆ నీళ్లు తగ్గించి, కుండీకి ఒక పిడికెడు వరిపొట్టు బూడిద, కాస్త పశువుల ఎరువు వేస్తే పొటాష్, సిలికా రెండూ అందుతాయి. బూడిద క్షార గుణం కలది కాబట్టి నెలకోసారి మించకూడదు.

సీసాల్లో ఉన్నవి, వంటింట్లో ఉన్నవి

ఇన్ని చేసినా కొన్ని మచ్చలు వస్తాయి. అప్పుడు పిచికారీ. ఇక్కడ నమ్మకాలూ రుజువులూ కలగలిసిపోయాయి కాబట్టి కాస్త విడదీసి చూడాలి.

వంటసోడా మీద నమ్మదగ్గ ప్రయోగాలున్నాయి. 1992లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సోడియం బైకార్బొనేట్‌ను నూనెతో కలిపి గులాబీల మీద పరీక్షించారు. బూడిద తెగులు, నల్లమచ్చ రెండూ తగ్గాయి. లీటరు నీటికి ఒక చెంచాడు, అంటే ఐదు గ్రాముల సోడా, అర చెంచాడు వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు. ఇది ఆకు ఉపరితలాన్ని క్షారంగా మార్చి బీజం మొలకెత్తకుండా చేస్తుంది. ఇప్పటికే లోపలికి దిగిన శిలీంధ్రాన్ని ఏమీ చేయదు. ఉన్న మచ్చ పోలేదని మోతాదు పెంచితే ఆకు మాడుతుంది. మరో చిక్కు సోడియం. పొలంలో కొట్టుకుపోతుంది గాని, చిన్న కుండీలో పేరుకుంటుంది. పొటాషియం బైకార్బొనేట్ దొరికితే ఆ బాధ ఉండదు.

పాలు కూడా పనిచేస్తాయని విన్నవారు ఉంటారు. అది నిజమే. 1999లో బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త జుకినీ మొక్కల మీద పలుచని పాలు చల్లి ఫలితం సాధించారు. ఆ ప్రయోగం బూడిద తెగులు మీద జరిగింది. బూడిద తెగులు ఆకు పైనే పాకుతుంది, ఆకుమచ్చ శిలీంధ్రం లోపల కాపురం పెడుతుంది. ఒకదానికి పనిచేసింది మరోదానికీ పనిచేస్తుందని హామీ లేదు. మన దగ్గర ప్రకృతి వ్యవసాయం చేసేవారు పుల్లటి మజ్జిగను, శొంఠి కషాయంలో పాలు కలిపిన మిశ్రమాన్ని వాడతారు. మజ్జిగలోని ఆమ్లం, లాక్టిక్ బాక్టీరియా శిలీంధ్రానికి ప్రతికూలమన్నది నమ్మదగ్గ వివరణే. వంద లీటర్ల నీటికి ఆరు లీటర్ల మజ్జిగ అన్నది వాడుకలో ఉన్న లెక్క. కుండీలకైతే లీటరుకు అరవై మిల్లీలీటర్లు. తెగులు రాకముందు వాడితేనే దీని వల్ల మేలు. వచ్చాక చల్లి మహత్తు కోసం ఎదురుచూడకూడదు.

జీవ శిలీంధ్రనాశకాలది మరో తరహా పని. సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ బాక్టీరియాలు ఆకు మీద ముందే చోటు ఆక్రమించుకుంటాయి. శిలీంధ్రాన్ని అణిచే పదార్థాలు విడుదల చేస్తాయి, మొక్క సొంత రక్షణను మేల్కొలుపుతాయి. లీటరుకు ఐదు నుంచి పది గ్రాముల పొడి కలిపి, వడగట్టి, ఎండ తగ్గాక వాన లేని రోజు చల్లాలి. ఆకులు తడిసేంత కాకుండా సన్నని మంచులా చల్లితే చాలు. ట్రైకోడెర్మా ఎక్కువగా మట్టిలో పనిచేస్తుంది, కాబట్టి దాన్ని ఎరువులో కలిపి వేయాలి. ఇవన్నీ ప్రాణమున్నవి. ఎండలో పెట్టిన పొట్లం, గడువు దాటిన పొట్లం సున్నపుపొడితో సమానం. కొనేటప్పుడు తయారీ తేదీ చూడాలి.

చివరగా రాగి. ఫ్రాన్స్‌లోని మెదాక్ ప్రాంతంలో బాటసారులు ద్రాక్ష దొంగిలించకుండా రోడ్డు పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. ఆ తీగలకే తెగులు రాలేదని మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త 1882లో గమనించి, 1885లో ఫలితాలు ప్రకటించారు. అదే బోర్డో మిశ్రమం. సేంద్రియ సాగులో ఇప్పటికీ దీనికి అనుమతి ఉంది. ఒక శాతం మిశ్రమానికి లీటరు నీటికి పది గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం. రెండిటినీ ప్లాస్టిక్ పాత్రల్లో విడిగా కరిగించి, తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలో పోయాలి. ఇనుప కత్తిని ముంచితే ఎర్రటి పూత పడిందంటే సున్నం చాలలేదని అర్థం. సేంద్రియమనే మాట చూసి దీన్ని నిరపాయమనుకోకూడదు. రాగి మట్టిలో కరిగిపోదు, ఏళ్లకేళ్లు నిలిచి వానపాములకు, మేలుచేసే సూక్ష్మజీవులకు చేటు చేస్తుంది. అందుకే యూరప్‌లో హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించరాదని పరిమితి పెట్టారు. పది లీటర్ల కుండీలో ఆ పరిమితిని లెక్కించడమూ కష్టమే. గులాబీకో, చామంతికో సీజనులో ఒకటి రెండుసార్లు సరే. బచ్చలి, గోంగూరల మీద వద్దు. బాక్టీరియా మందు చల్లిన మొక్క మీద వెంటనే రాగి కొడితే రెండూ వృథా.

మంచు రాత్రులు

సెప్టెంబరు దాటగానే ముప్పు తీరిందనుకోవడం కోల్‌కతాలో మామూలు పొరపాటు. ఇక్కడ శీతాకాలం చామంతుల కాలం. చంద్రమల్లిక అని పిలిచే పెద్ద చామంతిని ఒక్కో కుండీలో ఒక్కో పువ్వు వచ్చేలా నెలల తరబడి సాకుతారు. డిసెంబరులో వాన ఉండదు, కానీ ఆకులు తెల్లవార్లూ తడిగానే ఉంటాయి. ఆ తడి మంచుది. చామంతి మీద సెప్టోరియా నల్లమచ్చకు అది చాలు.

మంచు పైనుంచి పడేది కాదు. రాత్రి ఆకాశం కేసి తెరిచి ఉన్న ఆకు తన వేడిని పరారుణ కిరణాల రూపంలో పైకి వెదజల్లి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అలా చల్లబడ్డ ఆకు మీద గాలిలోని ఆవిరి నీరవుతుంది. పైన స్లాబు అడ్డుంటే ఆకు వేడి ఆ స్లాబుకు చేరుతుంది, స్లాబు వేడి ఆకుకు చేరుతుంది. ఆకు అంతగా చల్లబడదు, మంచు పట్టదు. చెట్టు కింద గడ్డి పొడిగా ఉండి, పక్కనే బయట గడ్డి తడిసి ఉండటం ఊళ్లో పెరిగినవారందరూ చూసిందే.

కాబట్టి చామంతి కుండీలను సాయంత్రం ఆరింటికి డాబా అంచు నుంచి సన్‌షేడ్ కిందికో, బాల్కనీ లోపలి గోడ వారకో జరిపితే చాలు. జరపడానికి వీలుకాని పెద్ద కుండీల మీద నాలుగు కర్రలు పాతి పలుచని పాత చీర కప్పినా అదే ఫలితం వస్తుంది. గాలి ఆడేలా పక్కలు తెరిచి ఉంచాలి. ఉదయం ఎండ రాగానే చీర తీసేయాలి.